కెమెరా, కారు, కుటుంబం: పాఠకుల ప్రశ్నలకి ఫొటోగ్రాఫర్ జవాబులు

పోయిన సంచికలో మా లాంగ్ ట్రిప్ గురించి రాశా కదా. వైజాగ్‌లో బయల్దేరి రాజమండ్రి, విజయవాడ, గండికోట, బేలం గుహలు, హంపి చూస్కుని హైదరాబాద్ మీదుగా మళ్ళీ వైజాగ్ చేరాం. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను, డిక్కీలో ట్రైపాడ్ పక్కనే జంతికల డబ్బా. ఆ వ్యాసం చూసి చాలామంది ఉత్తరాలు రాశారు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు పెట్టారు, అన్నిటికీ ఇక్కడ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటి ప్రశ్నలు కలిపేసి, ఎక్కువమందికి పనికొచ్చేవి ముందు తీసుకుంటున్నా.

ప్రశ్న (మధురవాడ నుంచి ఓ గృహిణి): సార్, మా ఆయనకి ఫొటోలంటే ప్రాణం. టూర్‌కి వెళ్తే ప్రతి మలుపులోనూ కారు ఆపుతారు, పది నిమిషాలంటారు, గంట దాటిపోద్ది, పిల్లలు ఉక్కపోతకి ఏడుస్తారు, అత్తయ్యగారికి టైంకి భోజనం ఉండదు, చివరికి అందరం ముఖాలు మాడ్చుకుని ఇంటికొస్తాం. ఈసారి సంక్రాంతి సెలవుల్లో పెద్ద ట్రిప్ అంటున్నారు. అసలు ఫ్యామిలీతో ఫొటోల ట్రిప్ కుదిరే పనేనా?

జవాబు: కుదురుతుందమ్మా, చాలా బాగా కుదురుతుంది, కాకపోతే బయల్దేరే ముందే ఇంట్లో అందరూ కూర్చుని రోజుని పంచుకోవాలి. ఇది మీ ఆయనకి కూడా చదివి వినిపించండి. ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్ళకి రోజంతా పని ఉండదు. తెల్లారకముందు అరగంట నుంచి ఎండ ముదిరేదాకా ఒక పూట, సాయంత్రం ఎండ వాలినప్పట్నుంచి దీపాలు పెట్టేదాకా ఇంకో పూట, అంతే. మధ్యలో పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకా మన ప్రాంతంలో సూర్యుడు నెత్తిమీదుంటాడు, నీడలు కాళ్ళకిందకి వచ్చేస్తాయి, కొండలు చదునుగా కనిపిస్తాయి, ఆకాశం తెల్లగా పాలిపోతుంది, అప్పుడు ఎంత గొప్ప కెమెరా అయినా పెద్దగా చేసేదేం లేదు. ఆ ఎండలో కారు ఆపి పిల్లల్ని ఏడిపించి తీసిన ఫొటోలు ఇంటికొచ్చాక ఎవరూ చూడరు. అందుకే మేం ఇలా పంచుకున్నాం: తెల్లారుజాము నాది, వాళ్ళంతా పడుకునుండగా నేనొక్కడినే వెళ్ళి టిఫిన్ టైంకి వచ్చేస్తా, పగలంతా వాళ్ళది, వాళ్ళెక్కడికంటే అక్కడికి, కెమెరా బ్యాగులోనే ఉంటుంది, సాయంత్రం మాత్రం అందరం కలిసి ఒకే చోటికి వెళ్తాం.

ఇది జరగాలంటే ఒక్కో ఊళ్ళో రెండు రాత్రులు ఉండాలి, దీని దగ్గర మాత్రం రాజీ పడకండి. ఒక్క రాత్రే ఉంటే ఏమవుతుందంటే, సాయంత్రం అలిసిపోయి చేరతారు, పొద్దున్నే సామాన్లు సర్దడంలో మంచి వెలుగు పోతుంది, వెళ్ళిన తృప్తీ ఉండదు ఫొటో తృప్తీ ఉండదు. రెండు రాత్రులుంటే ఒక పొద్దున్న మబ్బు పట్టినా ఇంకో పొద్దున్న చేతిలో ఉంటుంది, అమ్మావాళ్ళకి నడుం వాల్చే టైం దొరుకుతుంది, పిల్లలకి ఆ ఊరు కాస్త తెలుస్తుంది. లిస్టులో ఊళ్ళు సగానికి తగ్గించేయండి, ఏం కాదు, మిగతావి వచ్చే ఏడాదికుంటాయి.

సాయంత్రం చోటు కూడా ఎవరికి వాళ్ళకి ఏదో ఒకటి దొరికేలా చూస్కోవాలి. రాజమండ్రినే తీసుకోండి, వైజాగ్ నుంచి 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దార్లో అన్నవరంలో దిగి దర్శనం, విస్తరాకులో ప్రసాదం, అమ్మకి అక్కడే సగం ట్రిప్ అయిపోయినంత ఆనందం. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి పొద్దు గూకేది నీళ్ళకి అవతల కొవ్వూరు వైపు, అంటే పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుంటే చాలు, సూర్యుడు నది మీదే దిగుతాడు. దాదాపు వందేళ్ళు రైళ్ళని మోసి 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన, దాని పక్కనే విల్లుల్లాంటి ఆర్చి వంతెన, రెండూ ఒకే ఫ్రేములో వస్తాయి. అమ్మ నదికి దీపం పెట్టుకుంది, పిల్లలు మొక్కజొన్న పొత్తులు తిన్నారు, మా ఆవిడ హాయిగా కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది, నా వంతెన నాకు దొరికింది. ఎవరూ ఎవరికోసమూ ఎదురుచూడక్కర్లేని చోటు ఇలా ఊరికొకటి ముందే వెతికిపెట్టుకుంటే మీరు భయపడుతున్న గొడవ అసలు రాదు.

ఇంకో మాట, కారు నడిపే రోజు కారు నడపడమే పని, ఆ రోజు ఫొటోలు వద్దు. అయిదారు గంటలకి మించి నడపకండి, మధ్యాహ్నం మూడింటికల్లా గదికి చేరిపోండి, చీకటి పడ్డాక హైవే మీద ఉండకండి. ఎదురు లైట్లు, ఇండికేటర్ లేకుండా రోడ్డు పక్కన ఆగిన లారీలు, ఆ టైంలో పిల్లలతో వద్దు.

ప్రశ్న (గాజువాక నుంచి ఓ యువకుడు): అన్నా, నా దగ్గర పాత క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, దాంతో వచ్చిన కిట్ లెన్స్ ఉన్నాయి. ట్రిప్‌కి ముందు లోన్ పెట్టి పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొనమంటావా?

జవాబు: వద్దు తమ్ముడూ. ఆ డబ్బు పెట్రోలుకీ, గదులకీ, ఒక మంచి ట్రైపాడ్‌కీ పెట్టు. ల్యాండ్‌స్కేప్‌కి ఎలాగూ లెన్స్ కన్నం చిన్నది చేసి ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర, వెలుగుని పట్టే స్థాయి తగ్గించి ఐఎస్ఓ 100లో, ట్రైపాడ్ మీద పెట్టి తీస్తావు, అక్కడ కిట్ లెన్స్ కూడా చక్కగా పనిచేస్తుంది. నేను ఈ ట్రిప్‌లో ఎక్కువ వాడింది రెండే, ఒక వైడ్ లెన్స్, ఒక 70 నుంచి 200 ఎంఎం జూమ్. జూమ్ ఎందుకంటే దూరంగా ఉన్న కొండల్ని ఒకదాని వెనక ఒకటి దగ్గరగా లాగి పేర్చినట్టు చూపిస్తుంది, అరకు వైపు పొగమంచులో దీనికి మించింది లేదు. ఒక పోలరైజర్ ఫిల్టర్ కొనుక్కో, ఆకుల మీదా నీళ్ళ మీదా మెరుపు తగ్గిస్తుంది, ఆ పని తర్వాత కంప్యూటర్‌లో చేద్దామంటే అవ్వదు. సముద్రం తీస్తావు కాబట్టి లోపలికొచ్చే వెలుగు తగ్గించే ఒక ఎన్‌డీ ఫిల్టర్, అలల్ని అర సెకను, సెకను పట్టి తీయడానికి. ఫొటోలు రా (RAW) ఫార్మాట్‌లోనే తియ్యి. ఇంక దీని మీద ఆలోచించకు, బయల్దేరు.

ప్రశ్న (అనకాపల్లి నుంచి ఓ ఉపాధ్యాయుడు): గండికోట వెళ్ళొచ్చాం. కళ్ళతో చూస్తే గుండె ఆగినట్టయింది, ఫొటోలో చూస్తే మాత్రం ఏదో క్వారీ గొయ్యిలా ఉంది. లోపం ఎక్కడ?

జవాబు: మాస్టారూ, మీరు మధ్యాహ్నం వెళ్ళుంటారు. చాలామంది అక్కడికి బేలం గుహలు చూస్కుని ఒంటిగంటకో రెండింటికో చేరి, అరగంట నిలబడి వెళ్ళిపోతారు. గండికోట అలా చూసే చోటు కాదండీ, ఒక రాత్రైనా అక్కడే ఉండాలి.

ఎర్రమల కొండల్ని పెన్నా నది కోసుకుంటూ పోయిన లోయ అది. ఆ రాయి క్వార్ట్‌జైట్, గట్టిది, పలకలు పలకలుగా చీలి ఉంటుంది, అందుకే గోడలు అంత నిటారుగా నిలబడ్డాయి. లోతు కనపడాలంటే ఆ పలకల మధ్య నీడ పడాలి, నీడ పడాలంటే వెలుగు పక్కనుంచి రావాలి. నడినెత్తి ఎండలో అన్ని పలకలకీ ఒకేలా వెలుగు పడితే లోతెక్కడ తెలుస్తుంది? తెల్లారకముందే వెళ్ళి కూర్చోండి. సూర్యుడు రాకముందు ఆకాశం మొత్తం మెత్తటి వెలుగిస్తుంది, అప్పుడు లోయ అడుగున నీళ్ళ దాకా అన్నీ కనపడతాయి, మొదటి మంచి ఫొటో అదే. సూర్యుడు పైకొచ్చాక పైన బండలు ఎర్రగా వెలుగుతాయి, అడుగు మాత్రం చాలాసేపు చీకట్లోనే ఉంటుంది, ఆ తేడాని కెమెరా ఒక్క ఎక్స్‌పోజర్‌లో పట్టలేదు. అప్పుడు ట్రైపాడ్ కదలకుండా ఒకటి మామూలుగా, ఒకటి చీకటిగా, ఒకటి వెలుగ్గా మూడు తీసి తర్వాత కలుపుకోవాలి, దాన్నే బ్రాకెటింగ్ అంటారు.

రెండోది కొలత. మన కళ్ళకి అక్కడ గాలి తగులుతుంది, అంచున కాళ్ళు వణుకుతాయి కాబట్టి లోతు తెలుస్తుంది, ఫొటో చూసేవాడికి అదేం తెలీదు కదా. దూరంగా బండ మీద ఒక మనిషిని కూర్చోబెట్టండి, ఫ్రేములో వేలిగోరంత ఉంటే చాలు, లోయ ఎంతదో అప్పుడు తెలుస్తుంది. మా ఆవిడ ఎర్ర చీరలో చాలా వెనకాల ఒక పెద్ద బండ మీద కూర్చున్న ఫొటో ఒకటుంది, మొత్తం ట్రిప్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే. కానీ ఒక్క విషయం మాస్టారూ, అక్కడ అంచున చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు, బండల మధ్య పగుళ్ళుంటాయి, పిల్లల చెయ్యి వదలకూడదు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేసే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అంచుకి కనీసం రెండు మనుషుల పొడవు దూరంలో ఆగండి, ఆ ఫొటోకి అంతే చాలు.

కోట లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం కూడా ఉన్నాయి, సాయంత్రం ఎండ గోపురం మీద పడ్డప్పుడు అవి చూడండి. బేలం గురించి కూడా చాలామంది అడిగారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు, జనానికి తెరిచింది 2002లో, మొత్తం పొడవు 3229 మీటర్లు. లోపల బాగా ఉక్క, ఏసీ కారు దిగి తిన్నగా లోపలికెళ్తే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది, కాస్త ముందే కారు ఏసీ ఆపేసి కెమెరాని బ్యాగులోనే ఉంచి వేడెక్కనివ్వండి. రంగు రంగుల లైట్లు పెట్టారు కాబట్టి వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగా కనపడేలా రంగుల సర్దుబాటు, తర్వాత సరిచేసుకోవాల్సిందే.

ప్రశ్న (శ్రీకాకుళం నుంచి ఓ కాలేజీ విద్యార్థిని): సర్, డిసెంబర్‌లో గండికోట వెళ్తున్నాం, పాలపుంత ఫొటో తీయాలని నా కోరిక. సెట్టింగ్స్ చెప్పండి.

జవాబు: అమ్మాయ్, డిసెంబర్‌లో పాలపుంత మధ్య భాగం, అదే ఫొటోల్లో మెరుస్తూ కనిపించే భాగం, సూర్యుడున్న వైపే ఉంటుంది, రాత్రిపూట కనపడదు. అది కావాలంటే మార్చి, ఏప్రిల్‌లో అమావాస్య దగ్గర వెళ్ళి తెల్లారుజామున ఆగ్నేయం వైపు చూడాలి. జూన్, జూలైలో రాత్రంతా ఉంటుంది గానీ మన దగ్గర మబ్బులు. అంతమాత్రాన డిసెంబర్ ఆకాశం ఖాళీ కాదు. మేం చలికాలంలోనే వెళ్ళాం, కోట బయట చాప వేసుకుని పడుకుంటే అమ్మ పిల్లలకి గొల్లకావిడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపులు చూపించింది, వాళ్ళు సిటీలో పుట్టిన దగ్గర్నుంచీ అన్ని చుక్కలు చూడలేదు, మా చిన్నది నోరు తెరిచి అలాగే చూస్తూ ఉండిపోయింది. గొల్లకావిడి చుట్టుపక్కల ఆకాశం తియ్యి, చాలా బాగా వస్తుంది.

సెట్టింగ్స్ అంటే లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, ఐఎస్ఓ 3200 దగ్గర మొదలుపెట్టు. ఎన్ని సెకన్లు అనేదానికి ఒక లెక్కుంది, 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎంఎంలో రాసుండే అంకె) భాగించు, 20 ఎంఎం అయితే 25 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పెడితే భూమి తిరుగుడుకి చుక్కలు గీతలైపోతాయి. క్రాప్ సెన్సర్ అయితే ముందు ఫోకల్ లెంగ్త్‌ని ఒకటిన్నరతో గుణించుకోవాలి. ఆటో ఫోకస్ ఆపేసి, లైవ్ వ్యూలో బాగా వెలిగే చుక్కని పెద్దది చేసి చేత్తో ఫోకస్ చెయ్యి. ఒంటరిగా మాత్రం వెళ్ళకు, మీ నాన్నగారినో అన్ననో తోడు తీస్కెళ్ళు, చీకట్లో ఆ అంచుల దగ్గరికి అసలొద్దు.

ప్రశ్న (విజయనగరం నుంచి దంపతులు): హంపిలో ఒకటే రోజు ఉంటుంది మాకు. మాతంగ కొండా, హేమకూటమా? ట్రైపాడ్ తీస్కెళ్ళొచ్చా?

జవాబు: ఒకటే రోజు అంటే నాకు బాధగా ఉందండీ. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కిన చోటది, అంత పెద్ద నగరాన్ని ఒక్క రోజులో పరిగెడుతూ చూస్తే రాళ్ళు తప్ప ఏం గుర్తుండవు. ఇంకో ఊరు తీసేసైనా సరే రెండో రాత్రి కలుపుకోండి.

సరే, ఒకటే రోజైతే, మోకాళ్ళు బాగున్నవాళ్ళు తెల్లారకముందు మాతంగ కొండెక్కండి, చుట్టుపక్కల ఎత్తయింది అదే, కింద అచ్యుతరాయ గుడి మొత్తం పటంలా కనపడుతుంది, దూరంగా తుంగభద్ర. మెట్లు అన్నిచోట్లా సరిగ్గా లేవు, టార్చి ఉండాలి. పెద్దవాళ్ళుంటే సాయంత్రం హేమకూటం, విరూపాక్ష గుడి పక్కనే, పరుపు బండ మీద నడిచినట్టే ఉంటుంది, మా అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది. ట్రైపాడ్ విషయం, పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి విడిగా అనుమతి కావాలి, చేత్తో తీసుకునే స్టిల్ ఫొటోలకి సాధారణంగా ఇబ్బంది లేదు. అందుకే నేను టికెట్ ఉన్న విఠ్ఠల ఆలయం లోపలికి ట్రైపాడ్ తీస్కెళ్ళలేదు. అక్కడ రాతిరథం ముందు పిల్లలకి ఒక యాభై రూపాయల కొత్త నోటు చేతికివ్వండి, వెనకాల అదే బొమ్మ ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూస్కుంటూ వాళ్ళకి టైమే తెలీదు, మీరు ఆలోపు స్తంభాల మీద వెలుగు చూస్కోవచ్చు.

ఫొటోలంటే ఇష్టమున్నవాళ్ళు తప్పక చూడాల్సింది ఇంకోటి ఉంది, విరూపాక్ష గుడిలో గర్భగుడి వెనక వైపు చీకటి గదిలో గోడకి చిన్న కన్నం, దాని గుండా రాజగోపురం నీడ తలకిందులుగా అవతల గోడ మీద పడుతుంది. మన కెమెరాల్లో జరిగేదంతా అదే కదా, చీకటి పెట్టె, చిన్న రంధ్రం, బొమ్మ తలకిందులు. కెమెరా అనేది పుట్టకముందు ఎవరో రాతిగోడల మధ్య దాన్ని పట్టుకున్నారు! నేను ఆ గదిలో నిలబడి చేతులెత్తి దణ్ణం పెట్టా, నిజంగా, నాకు అది గుడిలో ఇంకో గుడి. మా పెద్దాడికి స్కూల్లో పిన్‌హోల్ కెమెరా పాఠం ఉంది, పుస్తకంలో చదివినప్పుడు పట్టించుకోలేదు గానీ అక్కడ అర్థమైపోయి గోడ మీద గోపురం శిఖరం ఎక్కడుందో వాడే అందరికీ చూపించాడు. బయట ఎండ బాగా ఉన్నప్పుడే స్పష్టంగా కనపడుతుంది, కాబట్టి పగటిపూట ఫ్యామిలీ టైంలోనే చూడండి.

ప్రశ్న (సీతమ్మధార నుంచి ఐటీ ఉద్యోగి): సిటీ ఫొటోలు నాకు అస్సలు రావట్లేదు బ్రో. రాత్రి చార్మినార్ తీస్తే లైట్లన్నీ తెల్లగా మాడిపోయి, ఆకాశం తారులా నల్లగా వస్తోంది.

జవాబు: బ్రో, నువ్వు ఆలస్యంగా వెళ్తున్నావు. పూర్తిగా చీకటి పడ్డాక సిటీ తీయకూడదు. పొద్దు గూకిన పావుగంట, ఇరవై నిమిషాలకి ఆకాశం ముదురు నీలంలోకి వస్తుంది, అప్పటికి లైట్లు వేసేస్తారు, ఆ రెండు వెలుగులూ సమానంగా ఉండేది కొద్ది నిమిషాలే, మన దేశంలో సంధ్య తొందరగా అయిపోతుంది కాబట్టి ముందే వెళ్ళి నిలబడి ఫ్రేము పెట్టుకుని ఉండాలి. 1591 నాటి ఆ మినార్లు పసుపు వెలుగులో, వెనకాల నీలం ఆకాశంతో నిలబడితే ఆ అందమే వేరు. ట్రైపాడ్‌కి చోటు లేనంత జనం ఉంటే గోడకో స్తంభానికో భుజం ఆనించి, ఐఎస్ఓ 1600, 3200 దాకా పెంచి తియ్యి. కాస్త గ్రెయిన్, అంటే ఫొటోలో ఇసుక చల్లినట్టు చుక్కలు, వచ్చినా పర్లేదు, వణికిన ఫొటో కన్నా నయం. ఆ తర్వాత కెమెరా బ్యాగులో పెట్టేసి లాడ్ బజార్‌లో మీ ఇంట్లోవాళ్ళతో గాజులు కొనడానికెళ్ళు, ఆ వరస దుకాణాల వెలుగే ముఖాల మీద పడి పోర్ట్రెయిట్లు ఎంత బాగుంటాయో, స్టూడియోలో లైట్లు పెట్టినా అంత రాదు.

ట్యాంక్‌బండ్ కూడా సాయంత్రమే వెళ్ళు. కట్ట హుస్సేన్‌సాగర్‌కి తూర్పున ఉంది కాబట్టి 1992లో నిలబెట్టిన బుద్ధుడి వెనకాల పొద్దు గూకుతుంది, విగ్రహం నల్లటి ఆకారంగా నీళ్ళ మీద నిలబడి కనిపిస్తుంది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీకీ ఇదే లెక్క, నీలం ఆకాశం, గేట్ల మీద లైట్లు, కృష్ణలో వాటి నీడ. ఏ ఊరైనా ముందు మ్యాప్ తీసి నీళ్ళు ఎటున్నాయి, పడమర ఎటుంది చూస్కో, సగం పని అయిపోతుంది.

ప్రశ్న (భీమిలి నుంచి ఓ చిరు వ్యాపారి): మా ఇల్లు బీచ్‌కి దగ్గర. లెన్స్‌లో సాలెగూడులా ఏదో వచ్చింది. ట్రిప్‌కెళ్తే ఇంకా పాడవుతుందా?

జవాబు: అది ఫంగస్ అండీ, తేమకి వస్తుంది, వైజాగ్ తీరంలో ఉండేవాళ్ళందరికీ ఉన్న బాధే. ఆ లెన్స్‌ని వెంటనే మిగతావాటి నుంచి విడిగా పెట్టి, తెలిసిన మెకానిక్‌తో క్లీన్ చేయించండి. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో పెట్టుకోండి, జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్ళీ వాడొచ్చు. తోలు కేసుల్లో, బీరువాల్లో నెలలు తరబడి మూసేసి పెట్టకండి, వాడుతూ ఉంటే ఫంగస్ తొందరగా పట్టదు, అందుకే ట్రిప్ మంచిదే. బీచ్‌లో తీసొచ్చాక ముందు బ్లోయర్‌తో ఇసుక ఊది, ఆ తర్వాతే గుడ్డతో తుడవాలి, ఉప్పు తుంపర పడ్డ ట్రైపాడ్ కాళ్ళని మంచినీళ్ళతో కడగాలి. కార్లో డ్యాష్‌బోర్డ్ మీద ఎండలో కెమెరా వదిలేయొద్దు.

ప్రశ్న (ముగ్గురు పాఠకులు, దాదాపు ఒకే మాట): డ్రోన్ తీస్కెళ్ళమంటారా? ఫొటోలు పోకుండా ఏం చేయాలి?

జవాబు: ఫ్యామిలీ ట్రిప్‌కి డ్రోన్ ఇంట్లోనే వదిలెళ్ళండి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎక్కడ ఎగరేయొచ్చో ఎర్ర, పసుపు, పచ్చ జోన్లుగా చూపిస్తారు, పురావస్తు కట్టడాల దగ్గర అనుమతి లేకుండా కుదరదు, మన వైజాగ్ అయితే తూర్పు నౌకాదళ కేంద్రం, నేవీ జాగాల వైపు మామూలు కెమెరా కూడా తిప్పకూడదు, బోర్డులుంటాయి, గౌరవించాలి. ఇక ఫొటోల సంగతి, రోజూ రాత్రి గదికెళ్ళగానే రెండు వేరు వేరు హార్డ్‌డిస్కుల్లోకి కాపీ, ఒకటి నా బ్యాగులో ఒకటి మా ఆవిడ బ్యాగులో, ఇంటికి చేరేదాకా కార్డులు ఫార్మాట్ చెయ్యం.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ నుంచి రిటైర్డ్ ఉద్యోగి): బాబూ, నాకు 68 ఏళ్ళు, నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది, లాంగ్ ట్రిప్‌లు నా వల్ల కాదు. ఆదివారం మనవళ్ళతో మన ఊరి చుట్టుపక్కలే తిరిగి ఏదైనా నేర్చుకోవచ్చా?

జవాబు: బాబాయ్ గారూ, మీ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది. మేం బయల్దేరే ముందు ప్రాక్టీస్ చేసిందంతా బీచ్ రోడ్డు మీదే. పొద్దున్నే తొట్లకొండ ఎక్కండి, కారు పైదాకా వెళ్తుంది, బౌద్ధ స్తూపం మీద లేత ఎండ, కింద సముద్రం, పిల్లలు ఆడుకోవడానికి బోలెడంత చోటు. సాయంత్రం ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళండి, భూవారసత్వ ప్రదేశంగా గుర్తించారు దాన్ని, వాలు ఎండలో ఆ మట్టి చీలికల్లో నీడలు పడి ఎరుపు ఇంకా ఎర్రబడుతుంది. దిబ్బల అంచులెక్కి తొక్కకుండా కింద దారిలోనే నడవండి, ఆ మట్టి చాలా సున్నితం, విరిగితే మళ్ళీ రాదు. ఇంకాస్త ముందుకెళ్తే భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. కైలాసగిరి మీంచి తీరం వంపు తిరిగి డాల్ఫిన్స్ నోస్ దాకా కనిపించే దృశ్యం మనందరికీ తెలిసిందే, అయినా దీపాలు పెట్టే వేళకి ఒకసారి మళ్ళీ చూడండి. మన దగ్గర పొద్దు కొండల వెనక గూకుతుంది కదా అని సాయంత్రం సముద్రం వైపు ఎవరూ చూడరు, పొద్దు గూకిన కాసేపటికి తూర్పు ఆకాశం లేత గులాబీ రంగులోకి వస్తుంది, నీళ్ళూ అదే రంగు, ఎంత బాగుంటుందో.

ఫోన్‌తో అయితే ముందు లెన్స్ తుడవండి, స్క్రీన్ మీద వెలుగున్న చోట వేలితో తాకి వెలుగు కొంచెం తగ్గించండి, వేళ్ళతో జూమ్ చెయ్యకుండా నాలుగడుగులు ముందుకెళ్ళండి. జాలరిపేటలో వలలు బాగుచేసుకునే వాళ్ళని తీయాలనిపిస్తే ముందు పలకరించి, అడిగి తీయండి. అన్నిటికన్నా ముఖ్యం, మనవళ్ళని ఫ్రేములో పెట్టండి, నవ్వమని వరసలో నిలబెట్టకండి, వాళ్ళ పాటికి వాళ్ళు ఇసుకలో ఏదో చేస్తుంటే దూరంగా సముద్రంతో కలిపి తీయండి. కొండలూ గోపురాలూ మనకన్నా బాగా తీసినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఆ రోజు ఆ వెలుగులో మీ మనవడు ఎలా ఉన్నాడో తీయగలిగేది మాత్రం మీరొక్కరే. నెలకి నాలుగైనా ప్రింట్లు వేయించండి, ఫోన్లో వేలకొద్దీ ఉన్నవి ఎవరూ తీసి చూడరు.

ప్రశ్న (తగరపువలస నుంచి ఓ పాఠకురాలు): ఏ నెలలో బయల్దేరితే మంచిది?

జవాబు: డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబర్, నవంబర్‌లో బంగాళాఖాతం తుఫాన్లు ఉంటాయి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరినేం చేసిందో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఆ నెలల్లో వెళ్ళాల్సొస్తే వాతావరణ శాఖ సూచనలు రోజూ చూస్కోండి. దసరా రోజుల్లో విజయవాడలో ఇంద్రకీలాద్రి చుట్టూ గదులు దొరకడం కష్టం. సంక్రాంతికైతే పండక్కి ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు, పండగయ్యాక విజయవాడ నుంచి హైదరాబాద్ వైపు టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరతాయి. కాబట్టి పైన మధురవాడ అమ్మగారికి కూడా చెప్తున్నా, పండగ ఇంట్లో చేస్కుని కనుమ మర్నాడు వైజాగ్‌లో బయల్దేరండి, గండికోట, హంపి తిరిగి మీరు హైదరాబాద్ నుంచి వెనక్కొచ్చేసరికి ఆ రద్దీ అంతా తగ్గిపోయి రోడ్డు ఖాళీగా ఉంటుంది.